వంటింట్లో దొరగారు

మామ్మ పోయిన కొన్నాళ్ళకి మా పాస్టరుగారు నేను పనిచేసే సైకిలు షాపుకి వచ్చి, బెంచీ మీద కూచుని, సంఘం పత్రికలో వెయ్యడానికి ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. పుట్టిన సంవత్సరం, బాప్తిస్మం తీసుకున్న తేదీ, వీలైతే ఒక ఫొటో. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూనే సరేనన్నాను. ఆయన వెళ్ళాక ఆలోచిస్తే వీటిలో నా దగ్గర ఒక్కటీ లేదు.

పుట్టిన సంవత్సరం ఎప్పుడడిగినా "పెద్ద గాలివోన ఏడు" అనేది. మా వైపు ప్రతి తరానికీ ఒక పెద్ద గాలివాన ఉంటుంది. కాబట్టి ఆవిడ వయసు అరవై అయినా కావచ్చు, తొంభై అయినా కావచ్చు. బాప్తిస్మం ఎప్పుడని అడిగితే "నీళ్ళు సల్లగుండీయి" అనేది. ఇక ఫొటో అంటారా, మామ్మ ఇంట్లో ఒకటుంది. అది ఆవిడది కాదు. ఆ ఫొటో మూలంగానే, మొగుడి సమాధి పక్కన తనకని ఉంచుకున్న జాగా పోగొట్టుకోవడానికి కూడా ఆవిడ సిద్ధపడింది. అదంతా నాలుగు ముక్కల్లో ఇమడదు. పాస్టరుగారికి పనికిరాదని తెలిసే రాస్తున్నాను.

పేరు రాయను. రాస్తే పత్రికవాళ్ళు దాని చుట్టూ పూలతీగ గీస్తారు. ఆవిడకి పూలతీగలు గిట్టవు.

మామ్మ అంటే నాకు సొంత మామ్మ కాదు. చోడవరం దాటి చెరకు తోటల్లోకి దిగితే వచ్చే మా పాలెంలో అందరికీ మామ్మే. పొట్టి మనిషి. పిల్లల్లేరు. కోళ్ళు పెంచి గుడ్లు అమ్మేది. అడ్డపొగ చుట్ట కాల్చేది, అంటే వెలిగించిన కొన నోట్లో పెట్టుకుని. పాస్టరుగారు ఎదురైతే చుట్ట తీసి దాచేది కాదు, నోరు మూసేది. నిప్పుని నోట్లో పెట్టుకుని తిరిగే మనిషి చల్లగా మాట్లాడాలని ఆశించడం మనదే తప్పు.

ఆవిడ ఎవరికీ రెండు చేతులూ జోడించి దండం పెట్టేది కాదు. కుడి చెయ్యి నుదుటిదాకా ఎత్తి దించేది, అంతే. ఒకసారి బజారులో మునసబుగారికి ఆ మాదిరి దండం అందింది. ఆయన ఆగిపోయాడు.

"ఏటే ముసిలీ, రెండో సెయ్యి పడిపోనాదా?"

"పడిపోనేదు బాబూ. రెండూ కలిపితే ఒక్కడికే. మనుషులకి ఒకటి సాలు. అదయినా కుడిదే ఎత్తేను, సూసుకోండి."

మునసబుగారు చూసుకున్నాడు. కుడిదే. ఇక ఏ నేరం కింద తిట్టాలో తేలక, పక్కనున్న నన్ను తిట్టి వెళ్ళిపోయాడు.

కె.కోటపాడు రోడ్డులో ఒక కాపు రైతు ఉండేవాడు. మంచివాడు, మామ్మ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా గుడ్లు కొనేవాడు కాదు. ఒకరోజు ఆయన సైకిలు బాగుచెయ్యడానికి నేనక్కడున్నాను. మామ్మ గుడ్ల బుట్ట దించగానే ఆయన సంబరంగా లోపలికి పిలిచి పటాలు ఉన్న గోడ చూపించాడు.

"సూడే మామ్మా, మీ ఏసుబాబుని కూడా ఎట్టేను. అనకాపల్లి నుంచి కేలండరు తెచ్చేను. వినాయకుడి పక్కనే. పొద్దున్నే అందరికీ ఒకే అగరొత్తు."

మామ్మ చాలాసేపు చూసింది. "దించీ బాబూ" అంది.

"అదేటే?"

"ఎడితే ఆయనొక్కడినే ఎట్టు. నేదంటే దించీ. నీ దేవుళ్ళని నేనేటీ అనను. నీ గోడ, నీ ఇష్టం. కానీ ఆయన వరసలో నిలబడీ రకం కాదు."

"ఇంతమందికి జాగా ఉందే! ఆయనొక్కడూ నాకు బరువేటి?"

"మరి నాకు పెనిమిటి ఒక్కడే గదా. పక్కింటాయన మంచోడే, నలుగురికీ సాయం సేస్తాడు. మంచోడు గదాని ఆయనకీ పక్కెయ్యనా?"

తలుపు వెనకనుంచి రైతు భార్య పకపకా నవ్వింది. రైతు గబగబా ఒక గుడ్డు తీసి, మంచిదో కాదో తేల్చుకోవడానికన్నట్టు ఎండకి పట్టి చూడసాగాడు. కేలండరు ఆయన దించలేదు. గుడ్లు కొనడమూ మానలేదు. ఈ ఉపమానం ఆదివారం ప్రసంగానికి పనికొస్తుందని పాస్టరుగారికి చెప్పాను. ఆయన దగ్గారు.

తిరిగొస్తుంటే అడిగాను. "మామ్మా, అంత పట్టుదల ఎందుకే? ఒక దండం అటో ఇటో పోతే ఏటయిపోద్ది?"

"ఒరే గుంటడా, నాకోసం కష్టపడ్డోలు సానామంది. మా అమ్మ పడింది. దొర పడ్డాడు. నాకోసం సచ్చిపోయినోడు ఒక్కడే. పోనీ సచ్చి ఊరుకున్నాడా, లెగిసేడు. మిగతా మంచోలందరూ ఎక్కడ తొంగున్నోలు అక్కడే ఉన్నారు. ఆ రెండూ సేసినోడు ఇంకొకడుంటే తెచ్చి సూపించు. ఆడికీ పెడతాను దండం."

"ఎతుకుతాను" అన్నాను.

"ఎతుకు. సైకిలుంది గదా."

ఆవిడ దొర అన్నది మా పాలెంలో దవాఖానా పెట్టిన మిషనరీ దొరని. మామ్మ ఆయన వంటమనిషి. ఊరికి ఆయన సగం దేవుడు, మామ్మకి మాత్రం కాకరకాయ కూర వండితే మొహం తిప్పుకునే మనిషి. జెర్రి కనిపిస్తే మంచమెక్కి కేకలేసేవాడని, వేడినీళ్ళు ఆలస్యమైతే వాళ్ళ భాషలో ఏవో అనేవాడని, ఆ తరవాత వచ్చి తప్పయిందని చెప్పేవాడని ఆవిడే చెప్పింది. కలరా వచ్చినప్పుడు మోకాలిలోతు బురదలో రావికమతం దాకా నడిచి మందు పోసినవాడూ ఆయనే. మామ్మ మొగుడు ఆ కలరాలోనే పోయాడు. దొర ఆఖరుదాకా పక్కనే కూచుని, ఆ తరవాత వంటింట్లోకి వచ్చి, గోడకి తిరిగి ఏడ్చాడట. ఈ సంగతి చెప్పేటప్పుడు మామ్మ చుట్ట పక్కన పెట్టేది. నేను కూడా మధ్యలో ఏమీ అనేవాణ్ణి కాదు, నాకు అది కొంచెం కష్టమే అయినా.

దొర పెద్దవాడై తన దేశం వెళ్ళిపోయాడు. అక్కడ చనిపోతే, వాళ్ళవాళ్ళు ఆయన ఫొటో పెద్ద చట్రం కట్టించి మాకు పంపారు. అనకాపల్లి స్టేషను నుంచి దాన్ని బండి మీద పాటలు పాడుతూ తెచ్చాం. హార్మోనియం నాది. గతుకులు పడ్డచోటల్లా రాగం మారింది. ఎవరూ గమనించలేదు, అందరూ ఏడుస్తున్నారు.

ఫొటోని గుడిలో ప్రసంగ వేదిక వెనక గోడకి తగిలించారు. అంతవరకు ఆ గోడ మీద బల్లి తప్ప ఏదీ ఉండేది కాదు. ముందు ఒక దండ పడింది. తరవాత అగరొత్తు. తరవాత గుడిలోకి వచ్చినవాళ్ళు ఫొటోకి ఒక దండం పెట్టి కూచోవడం మొదలైంది. జ్వరమొచ్చిన పిల్లల నుదురు చట్రానికి తాకించి తీసుకెళ్ళేవారు. అంతలో చెరకు ఆడే రోజులొచ్చాయి. మా వైపు ఏటా మొదట వండిన బెల్లం దిమ్మ ఎవరూ తినకుండా దేవుడి ముందు పెట్టడం కాపుల ఆచారం. ఆ పొయ్యిల దగ్గర కాయకష్టం చేసేది మావాళ్ళే. ఆ సంవత్సరం ఒకాయన కొత్త బెల్లం అరిటాకులో చుట్టి తెచ్చి దొరగారి ఫొటో కింద పెట్టాడు. పై ఆదివారానికి దిమ్మలు బారు తీరాయి. ఆ వారం మా సంఘానికి కొత్తగా చేరినవాళ్ళు చీమలు మాత్రమే.

పాస్టరుగారు చూసి దగ్గారు. ఆయన చిన్నవాడు, బదిలీ మీద వచ్చినవాడు. గుడిలో మాట చెల్లేది సంఘపెద్దది. పెద్ద అంటే ఎవరో కాదు, మామ్మ మరిది. చిన్నప్పుడే తల్లి పోతే మామ్మే పెంచింది. అక్షరాలు నేర్పింది దొర. తెల్ల తలపాగా, కిర్రు చెప్పులు, నవ్వితే జరిమానా పడుతుందన్నట్టుండే మొహం. ఆ ఫొటోకి రోజూ దండ మార్చేది ఆయనే.

ఆ ఆదివారం, మనల్ని కాచేవాడు కునకడు, నిద్రపోడు అని పాడుతున్నాం. పాట మధ్యలో మామ్మ లేచి, పాస్టరుగారి స్టూలు లాక్కుని, ఎక్కి, ఫొటో దించడం మొదలుపెట్టింది. నేను హార్మోనియం ఆపలేదు. ఆవిడ పడితే కనీసం సంగీతంతో పడుతుందని.

"వొదినా! ఏటిది? దిగు!" పెద్ద పరిగెత్తుకొచ్చాడు.

"దిగతన్నాను. ఇది కాస్త పట్టుకో. వొద్దులే, నువ్వు మళ్ళీ తగిలించీగలవు."

"దొరగారినే అవమానం సేస్తావా?"

"అవమానం సేస్తంది మీరు. ఆయన బతికుండగా ఈ బెల్లం ఎట్టి సూడాల్సింది, కర్రుచ్చుకుని తరిమీవోడు." స్టూలు మీదనుంచే అందరి వైపు తిరిగింది. "కునకడు, నిద్దరోడు అని ఇప్పుడేగదా పాడేరు. ఎవుడి గురించి పాడేరు? ఈయన గురించేనా? ఈయన మజ్జాన్నం అన్నం తిని తొంగుంటే ఆ గురకకి నా కోళ్ళు బెదిరిపోయేవి. గురకెట్టీవోడికి దండాలేట్రా?"

ఎవరో నవ్వారు. నేనే.

మామ్మ పాస్టరుగారిని పట్టుకుంది. "ఏసుబాబు సిస్యుడు పేతురు కాళ్ళ మీద ఒకాయన పడితే, లెగు, నేనూ మనిషినే అన్నాడా, అన్నేదా? మొన్న మీరే సెప్పేరు."

"చెప్పాను" అన్నారు పాస్టరుగారు నెమ్మదిగా.

"గట్టిగా సెప్పండి. ఎనకాలోలకి ఇనపడనేదు."

ఆయన గట్టిగా చెప్పలేదు. మామ్మ ఫొటోని చంకలో పెట్టుకుని ఇంటికి పోయింది. పగలగొట్టిందనీ నూతిలో పారేసిందనీ సాయంత్రానికల్లా రకరకాల వార్తలు. నేను వెళ్ళి చూద్దును గదా, వంటింట్లో పొయ్యి పక్క గోడకి తగిలించి ఉంది. "తిండి కాడే ఈయన సుఖంగా ఉండీవోడు" అంది.

పెద్దలు కూడారు. తీర్మానం చేశారు. ఫొటో తిరిగి తెచ్చి, తన చేత్తో గోడకి తగిలించి, సంఘం ముందు తప్పు ఒప్పుకోవాలి. అంతవరకు మామ్మ వెలి. గుడిలో అడుగు పెట్టకూడదు, రొట్టె ద్రాక్షరసం పంచే బల్ల ఆదివారం ఆవిడకి అందవు. ఒప్పుకోకుండా పోతే మా సమాధుల దొడ్డిలో చోటు లేదు.

ఆఖరిది ఎక్కడ తగులుతుందో పెద్దకి తెలుసు. మొగుడి సమాధి పక్కన తన జాగాని మామ్మ ఏళ్ళ తరబడి కాపాడుకుంటోంది. చుట్టూ రాళ్ళు పేర్చింది. మేకల్ని తరిమేది. బతికుండగానే తన సమాధికి కలుపు తీసుకునే మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

ఈ కబురు ఆవిడకి చేరవేసే పని నాకు పడింది. కష్టమైన కబుర్లు నవ్వించేవాడితో పంపితే తేలికవుతాయని పెద్దల ఊహ. విన్నది. నోట్లో చుట్ట ఆరిపోయింది, అది కూడా చూసుకోలేదు.

"జాగా పోతే పోనీ అననురా" అంది చివరికి. "పోతే నాకు కష్టమే. కానీ నా పెనిమిటి పక్కన తొంగోడానికి దొరకి మొక్కమంటే, రేపు ఏసుబాబు సమాధిలోంచి లేపితే, ఆయన ముందర నిలబడి ఏటని సెప్పనూ? జాగా కోసం మొక్కేనని సెప్పనా?"

గుడిలోకి రావద్దన్నారు గాని కిటికీ పక్కకి రావద్దనలేదు. ప్రతి ఆదివారం కిటికీ కింద గోనె పరుచుకుని కూచునేది. లోపల మేము పాడే కీర్తనే బయట ఆవిడా పాడేది, మాకంటే ఒక చరణం ముందుగా. సంఘమంతా ఆవిడ వెనక పరిగెత్తి ఆయాసపడేది. కిటికీ మూసెయ్యమని పెద్ద సైగ చేస్తే, పాస్టరుగారు తమకి ఉక్కగా ఉందన్నారు. ఆ రోజుల్లో ఆయన చేసిన వీరకృత్యం అదొక్కటే. చిన్నదేం కాదు. బల్ల ఆదివారం మాత్రం మామ్మ పాడేది కాదు. రొట్టె పళ్ళెం వరసల్లో చేతులు మారుతుంటే కిటికీ కమ్మీ పట్టుకుని చూసేది. అప్పుడు నేను హార్మోనియం మెట్ల మీదనుంచి తలెత్తేవాణ్ణి కాదు.

ఫొటో తేవడానికి పెద్దలు ఒకసారి వెళ్ళారు. "రండి, కూకోండి. ఎండుసేపల పులుసుంది. ఆయన ముందర తినండి, ఆయనకిష్టం" అంది. తిన్నారు. అన్నం తిన్న ఇంట్లోంచి గోడమీది ఫొటో ఎత్తుకుపోయే పద్ధతి ఏమిటో ఎవరికీ తెలియక, చేతులు కడుక్కుని వచ్చేశారు.

పొయ్యి పొగకి దొరగారు నల్లబడసాగారు. మామ్మ అప్పుడప్పుడు కొంగుతో తుడిచి "ఏటి దొరా, ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది.

"మరి ఇది పూజ కాదేటే?" అన్నాను ఒకరోజు.

"పూజయితే ఉప్పు సరిపోయిందా అని అడగనురా."

వానలు వెనకపట్టాక మామ్మకి జ్వరం పట్టుకుంది. లేవలేదు. ఒక మధ్యాహ్నం నేను గంజి కాస్తుంటే పెద్ద వచ్చాడు. నన్ను చూసి, లేనట్టే అనుకుని, మంచం పక్కన పీట వేసుకున్నాడు.

"వొదినా, ఒక్క మాట అను. తప్పయిపోనాది అను. ఫొటో నేనే అట్టుకెల్తాను, నువ్వు ముట్టుకోనక్కర్నేదు. అన్నయ్య పక్కన జాగా నీకిచ్చీస్తాను."

"జాగా నాదే" అంది మామ్మ కళ్ళు తెరవకుండా. "కొత్తగా నువ్విచ్చీదేటి?"

పెద్ద తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తలపాగా లేకుండా ఆయన్ని చూడడం నాకదే మొదటిసారి. మామూలు బట్టతల.

"దొర రాకముందు మనం ఎలాగుండీవోలమో నీకు తెలీదేటి? సోడవరం బజారులోకెల్తే సెప్పులు సేత్తో పట్టుకుని నడిసీవోలం. ఆయన నా పక్కన నడిసేడు. సెప్పులేసుకో, తలెత్తు అన్నాడు. బజారంతా సూస్తంటే నడిసేం. మనల్ని మనుషుల్ని సేసినోడు వొదినా! ఆయనకి ఒక దండేస్తే నీకేటి పోయింది?" తలపాగా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. నేనేదైనా ఒక హాస్యపు మాట వెతికాను. దొరకలేదు.

మామ్మ కళ్ళు తెరిచింది.

"తలెత్తమన్నాడు గదా?"

"అవును."

"ఎత్తిన తలని తీసికెల్లి ఆయన కాళ్ళకాడే దించుతావేట్రా? దానికేనా ఆయన మనల్ని నిలబెట్టింది? మునసబుకి వంగే నడుం దొరకి వంగితే, మనం ఎక్కడికి ఎల్లినట్టు? ఎక్కడున్నోలం అక్కడే ఉన్నాం. దండం ఒక్కడికే అంటే ఏటనుకున్నావు? ఇంకెవుడికీ వంగక్కర్నేదని. మునసబుకీ, దొరకీ, నీకూ." ఊపిరి తీసుకుంది. "ఏసుబాబొక్కడే మనకోసం వంగి, సిస్యుల కాళ్ళు కడిగినోడు. ఆయన ముందర వంగితే సిగ్గు నేదు."

పెద్ద నేల చూస్తూ "పెద్దలు ఒప్పుకోరు" అన్నాడు.

"పెద్దవి నువ్వే గదరా."

"అదే నా కష్టం."

"నీ కష్టం నువ్వు పడు. నాకు మీ అన్న పక్కనుండాలని ఆశుంది, నేదనను. ఆశుంది గదాని అమ్ముడుపోను. ఆ గుంటడు గంజి కాసేడు, తాగి ఎల్లు."

పెద్ద తాగాడు. ఉప్పు ఎక్కువైందని కూడా అనలేదు. ఎక్కువైంది.

ఆ వారంలోనే మామ్మ పోయింది. గుడి గంట మోగలేదు. సమాధుల దొడ్డి సంగతి ఎవరూ ఎత్తలేదు, సంఘపెద్ద ఇంటి తలుపు తెరుచుకోలేదు. పాటలు పాడే కుర్రాళ్ళం గునపాలూ పారలూ పట్టుకుని పట్టపగలే వెళ్ళి, మామ్మ పేర్చిన రాళ్ళ మధ్య తవ్వడం మొదలుపెట్టాం. అనుమతి అడగలేదు. అడిగితే లేదంటారు. లేదన్నాక తవ్వితే తిరుగుబాటు. అడక్కుండా తవ్వితే వట్టి తవ్వకం.

మోకాలిలోతు అయ్యేసరికి గొడుగేసుకుని పెద్ద వచ్చాడు. గట్టు మీద నిలబడ్డాడు.

"ఎవుడు తవ్వమన్నాడు?"

"ఎవరూ అన్నేదు పెద్దయ్యా."

"ఫొటో ఇవ్వనేదు. తప్పు ఒప్పుకోనేదు. ఆవిడ ఎలి."

"అవునండి."

"నేను మాట ఎనక్కి తీసుకోను."

"తీసుకోకండి" అన్నాను తవ్వుతూనే. మావాడొకడు పార పట్టుకుని పారిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. నేనూ పారిపోయేవాణ్ణే, కాని గుంతలో ఉన్నవాడు ముందు పైకెక్కాలి.

పెద్ద గుంతలోకి తొంగి చూశాడు. గొడుగు మడిచాడు. తలపాగా తీసి అన్నగారి సమాధి రాయి మీద పెట్టాడు. చెప్పులు విడిచి, లోపలికి దిగి, నా చేతిలోంచి గునపం లాక్కున్నాడు.

"లోతు సాలదు, గుంటల్లారా. ఇది మా వొదిన. లోతు తక్కువైతే లెగిసొచ్చెస్తది."

మేము నవ్వాం. ఆయన నవ్వలేదు. నడుందాకా దిగిపోయినా తవ్వుతూనే ఉన్నాడు. ఆపమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నేను పైకి అనలేదు గాని, మామ్మ నమ్మిక ప్రకారం చూస్తే, ఎంత లోతు తవ్వినా లాభం లేదు.